బాండ్ 320 అని వాళ్లు, 180 అని మనం: పీల్ టెస్టులో ఎవరి అంకె నిజం?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అడిగినవారు గుంటూరు దగ్గర ఒక పచ్చళ్ల యూనిట్‌లో కొత్తగా క్యూసీలో (నాణ్యత తనిఖీ విభాగంలో) చేరారు. ఆవకాయ పౌచ్‌కి వాడే లామినేట్ (జిగురుతో ఒకదానికొకటి అతికించిన ఫిల్మ్‌లు) మూడు పొరలది: బయట ప్రింటు ఉన్న 12 మైక్రాన్ల పెట్ (పాలిస్టర్ ఫిల్మ్), మధ్యలో 12 మైక్రాన్ల మెటలైజ్డ్ పెట్ (అల్యూమినియం పూత వేసినది), లోపల 60 మైక్రాన్ల పీఈ (పాలిథిన్). సప్లయర్ పంపిన సర్టిఫికెట్‌లో బాండ్ స్ట్రెంగ్త్ (పొరల్ని ఊడదీయడానికి పట్టే బలం) 320 గ్రాములు అని ఉంది. అదే రోల్ ముక్క కోసి తమ ల్యాబ్‌లో పీల్ టెస్టు చేస్తే, అంటే పొరల్ని మెషీన్‌తో లాగి ఊడదీస్తే, 170 నుంచి 190 లోపే వస్తోంది. "మీ మెషీన్ పాతది, కాలిబ్రేషన్ చేయించుకోండి" అంటాడు సప్లయర్. "ఎవరు అబద్ధం ఆడుతున్నారో తేల్చి చెప్పు" అంటాడు పర్చేజ్ మేనేజర్. రోల్ వెనక్కి పంపాలా, వాడుకోవాలా? అసలు బాండ్ ఎంత ఉంటే చాలు?

ముందు జవాబు చెప్పేస్తా. ఎవరూ అబద్ధం ఆడి ఉండకపోవచ్చు. మీరిద్దరూ చేసింది ఒకే పరీక్ష కాదు, అంతే. రోల్ ఇప్పుడే వెనక్కి పంపకండి, అలాగని ఫిల్లింగ్ మెషీన్ మీదకీ ఎక్కించకండి. రెండు పనులు చేయండి. సప్లయర్‌కి ఫోన్ చేసి "మీరు కోసిన స్ట్రిప్ వెడల్పు ఎంత?" అని అడగండి. తర్వాత మీరు ఊడదీసిన స్ట్రిప్ రెండు ముఖాలూ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూడండి. సగం గొడవ అక్కడే తేలిపోతుంది.

నేను లామినేషన్ లైన్ మీద, ఆ తర్వాత ల్యాబ్‌లో కలిపి 22 ఏళ్లు చేశాను, ఎక్కువ భాగం హైదరాబాద్ జీడిమెట్లలోనే. 320, 180 అనే రెండు అంకెలు పక్కపక్కన చూడగానే నా చేయి కాలిక్యులేటర్ మీదకి పోయింది. 320ని 15తో గుణించి 25తో భాగించండి. 192 వస్తుంది. మీ 190 పక్కనే ఉంది కదా. మన దగ్గర ప్యాకేజింగ్ వాళ్లు ఎక్కువగా 15 మిల్లీమీటర్ల స్ట్రిప్ కోస్తారు. అమెరికన్ పద్ధతి అయిన ఏఎస్‌టీఎం ఎఫ్ 904 పట్టుకున్నవాళ్లు ఒక అంగుళం, అంటే 25 మిల్లీమీటర్ల చిల్లర కోస్తారు. సర్టిఫికెట్ ఫార్మాట్ ఏదో పాత కస్టమర్ కోసం తయారై ఉంటుంది. అందులో "15 ఎంఎంకి" అన్న మాట అలాగే ఉండిపోతుంది, ల్యాబ్‌లో కట్టర్ మాత్రం 25ది ఉంటుంది. ఇలాంటిది నేను రెండుసార్లు చూశాను. ఒకసారి తప్పు మాదే.

వెడల్పు కాదని తేలితే అప్పుడు మిగతావి చూడాలి. అవి చెప్పే ముందు ఈ టెస్టు అసలు దేన్ని కొలుస్తుందో రెండు మాటలు.

గోడకి అంటించిన ఎన్నికల పోస్టర్ తలుచుకోండి. దాని మీద అరచేయి ఆనించి పక్కకి నెట్టితే కదలదు, ఎందుకంటే అంటుకున్న మేరంతా కలిసి ఎదిరిస్తుంది. అదే మూల పట్టుకుని లాగితే పరపరా వచ్చేస్తుంది. ఇక్కడ బరువంతా ఒక గీత మీద పడుతోంది. ఊడుతున్న ఆ అంచు మాత్రమే పని చేస్తోంది, వెనక మిగిలిన జిగురంతా తన వంతు కోసం చూస్తూ కూర్చుంటుంది. అందుకే పీల్ స్ట్రెంగ్త్‌ని వైశాల్యానికి కాకుండా వెడల్పుకి ఇంత అని చెబుతాం. వెడల్పు రాయని పీల్ రిపోర్టు, కిలోకా డజనుకా చెప్పకుండా ధర చెప్పినట్టు.

ఇంకో సంగతి. ఊడదీసేటప్పుడు మీరు పెట్టే బలం అంతా జిగురుని విడదీయడానికే ఖర్చు కాదు. ఫిల్మ్‌ని మడత వేయడానికి కొంత, సాగదీయడానికి కొంత పోతుంది. ఈ లెక్కని రివ్లిన్ 1944లో, కెండాల్ 1975లో కాగితం మీద పెట్టారు. సాగని పల్చటి ఫిల్మ్‌కి బలాన్ని వెడల్పుతో భాగించి, దాన్ని (1 − కాస్ కోణం)తో గుణిస్తే విడిపోవడానికి పట్టే శక్తి వస్తుంది. గట్టి పలక మీద అంటించినదాన్ని 90 డిగ్రీల్లో లాగితే ఆ గుణకం 1, 180 డిగ్రీల్లో లాగితే 2. అంటే అదే జిగురు, అదే ఫిల్మ్ అయినా 180లో లాగినప్పుడు లెక్క ప్రకారం సగం బలమే చూపాలి. నిజంగా లాగితే కచ్చితంగా సగం రాదు, ఎందుకంటే 180లో ఫిల్మ్ బాగా నొక్కుకుని మడత పడి అక్కడ అదనంగా తింటుంది. కాబట్టి కోణం రాయని అంకెల్ని పోల్చడం మొదలుపెడితే ఆ వాదన ఎప్పటికీ తెగదు.

మన లామినేట్లకి చేసేది టీ పీల్. రెండు పొరల చివర్లు విడదీసి ఒకటి పై గ్రిప్‌లో, ఒకటి కింది గ్రిప్‌లో పెడతాం, ఇంకా విడిపోని తోక మధ్యలో అడ్డంగా ఉంటుంది. ఇంగ్లీషు టీ అక్షరాన్ని పక్కకి పడేసినట్టు. ఇక్కడ గ్రిప్‌లు 2 సెంటీమీటర్లు దూరం జరిగితే ఊడేది 1 సెంటీమీటరే. పుస్తకం లెక్కలో తోక ఎటు వాలినా ఒకటే. ల్యాబ్‌లో మాత్రం కాదు, ఎందుకంటే మన రెండు పొరలూ సమానం కావు. ఒకవైపు 60 మైక్రాన్ల మెత్తటి పీఈ, ఇంకోవైపు బిగుసుకున్నట్టుండే పెట్ జంట. తోకని వదిలేస్తే అది ఒక పక్కకి వాలిపోతుంది. అప్పుడు ఒక పొర నిటారుగా ఉండిపోయి, రెండోదే పూర్తిగా వెనక్కి మడత పడుతుంది. ఏది మడత పడిందన్నదాన్ని బట్టి అంకె మారుతుంది.

దీనికి మా ల్యాబ్‌లో జరిగినది చెప్తాను. ఇద్దరు టెక్నీషియన్లు, ఒకే రోల్, ఒకే కట్టర్. ఒకతనికి ఎప్పుడూ 210 దగ్గర, ఇంకొకతనికి ఎప్పుడూ 260 దగ్గర. షిఫ్టు మారినప్పుడల్లా ప్రొడక్షన్ వాళ్లు వచ్చి "అన్నా, జనరల్ షిఫ్టులో ఇప్పించు రిపోర్టు" అని అడిగేదాకా వచ్చింది. నేను ఒకరోజు స్టూలు వేసుకుని కూర్చుని చూశాను. మొదటతను స్టార్ట్ నొక్కి రిజిస్టర్ రాసుకుంటున్నాడు, తోక వాలిపోయి వేలాడుతోంది. రెండో అతను మాత్రం చూపుడు వేలి గోరు మీద తోకని ఆనించి, చివరిదాకా అడ్డంగా నిలబెడుతున్నాడు. అతనికి నేర్పిన పెద్దాయన అలా చేసేవాడట. తప్పు ఎవరిదీ కాదు, మా పద్ధతి కాగితంలో ఆ ఒక్క ముక్క లేదు. ఆ తర్వాత "తోక చేత్తో ఆనించి 90 డిగ్రీల దగ్గర ఉంచాలి" అని రాసి, మెషీన్ పక్కన ఒక ఫోటో అంటించాం. వేలితో పైకి ఎత్తకూడదు, ఊరికే ఆనించాలి. లేదంటే మీ వేలి బరువు కూడా లోడ్ సెల్ (మెషీన్‌లో బలాన్ని కొలిచే భాగం) లెక్కపెడుతుంది.

ఇక మిగతా తేడాలు గబగబా చెప్పేస్తాను.

వేగం. జిగురు, ప్లాస్టిక్ రెండూ నెమ్మదిగా లాగితే లొంగుతాయి, గట్టిగా గుంజితే ఎదురు తిరుగుతాయి. వాళ్లు నిమిషానికి 300 మిల్లీమీటర్లు, మీరు 50 లో లాగుతుంటే అంకెలు కలవవు. ఎఫ్ 904లో నిమిషానికి 280, మామూలు టీ పీల్ పద్ధతి అయిన ఏఎస్‌టీఎం డి 1876లో 254. మన వైపు ఎక్కువ ల్యాబ్‌ల్లో 300 పెట్టుకుంటారు. ఏదైనా పర్లేదు, ఇద్దరూ ఒకటే పెట్టుకోండి.

శిఖరమా, సగటా? ఊడటం మొదలయ్యేటప్పుడు గ్రాఫ్ ఒక్కసారి పైకి లేచి, తర్వాత దిగి నిలకడగా సాగుతుంది. మొదటి కొమ్ముని లెక్కలోకి తీసుకోకూడదు. డి 1876 అయితే ఆ కొమ్ము దాటాక కనీసం 127 మిల్లీమీటర్ల మేర సగటు తీయమంటుంది. మన పౌచ్ ముక్కల్లో అంత పొడవు దొరకదు, కానీ 50 మిల్లీమీటర్లైనా నిలకడ భాగం చూడాలి. పాత మెషీన్లలో తెర మీద నిలిచిపోయే అంకె శిఖరం. సప్లయర్ అదే చూసి రాసుకుని ఉంటే 320 ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడానికి వెడల్పు దాకా పోనక్కర్లేదు.

మీ మెషీన్. ఇది కోపం తెచ్చుకోకుండా చదవండి. చాలా యూనిట్లలో పీల్ కోసం వాడేది డబ్బాలు, పట్టీలు లాగడానికి కొన్న టెన్సైల్ మెషీన్. అందులో 500 కిలోల లోడ్ సెల్ ఉంటుంది. దాని మీద 180 గ్రాములు అంటే మొత్తం సామర్థ్యంలో 0.036 శాతం. వేబ్రిడ్జి మీద ఆవాలు తూచినట్టే. కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉన్నా సరే, అందులో కింది అంకె ఎక్కడ మొదలైందో చూడండి, చాలాసార్లు 50 కిలోల నుంచి మొదలవుతుంది. 5 కిలోల సెల్ కొనిపించండి. అప్పటిదాకా పై గ్రిప్‌కి 200 గ్రాముల తూకంరాయి దారంతో వేలాడదీసి తెర మీద ఎంత చూపిస్తుందో చూసుకోండి. 200 కి 196, 204 చూపిస్తే గొడవ లేదు. 160 చూపిస్తే సప్లయర్ మాట నిజమే.

గది. మే నెలలో గుంటూరులో ఏసీ లేని గదిలో లాగితే జిగురు మెత్తబడి తక్కువ చూపిస్తుంది. అంతర్జాతీయ పద్ధతుల్లో 23 డిగ్రీలు, 50 శాతం తేమ. మన భారతీయ ప్రమాణాల్లో 27 డిగ్రీలు, 65 శాతం. రెండిట్లో ఏదో ఒకటి పట్టుకుని, స్ట్రిప్‌లని ముందురోజే కోసి ఆ గదిలో పెట్టి ఉంచండి.

ఏ బాండ్? మీ లామినేట్‌లో ఉన్నది ఒక బాండ్ కాదు, రెండు. ప్రింటు పెట్‌కి మెటలైజ్డ్ పెట్‌కి మధ్య ఒకటి, మెటలైజ్డ్ పెట్‌కి పీఈకి మధ్య ఒకటి. సర్టిఫికెట్‌లో ఒకే అంకె ఉంటే అది దేనిది? వాళ్లు పీఈ వైపుది రాసి, మీరు ప్రింటు వైపుది లాగి ఉంటే ఇక పోల్చడానికి ఏమీ లేదు.

ఎప్పుడు లాగారు? సాల్వెంట్‌లెస్ (ద్రావకం కలపని) పాలియురేథేన్ జిగురు మెషీన్ దిగగానే పాయసంలా ఉంటుంది. హాట్ రూమ్‌లో 40 డిగ్రీల పైన ఒకటి రెండు రోజులు ఉంటే స్లిట్టింగ్‌కి (పెద్ద రోల్‌ని సన్నటి రోల్స్‌గా కోయడానికి) తట్టుకుంటుంది, పూర్తిగా గట్టిపడటానికి వారం పట్టొచ్చు. అందుకని పాతబడేకొద్దీ అంకె పెరగాలి. మీది తగ్గింది. అది కూడా జరుగుతుంది: పీఈలో జారుడు కోసం కలిపే ఎరుకమైడ్ లాంటి మందు రోజులు గడిచేకొద్దీ ఉపరితలానికి పాక్కుంటూ వస్తుంది. లోపలి ముఖానికి వస్తే ఫిల్లింగ్ మెషీన్ సంతోషిస్తుంది, జిగురు వైపు వస్తే బాండ్ పడిపోతుంది. రోల్ ఎన్ని రోజులు గోడౌన్‌లో ఉంది, ఏ రేకుల షెడ్డు కింద ఉంది అని అడగండి. అదే రోల్‌లో పై చుట్టు, పది మీటర్ల లోపలి చుట్టు రెండూ లాగి చూడండి.

స్ట్రిప్ తెరవడం గురించి ఒక మాట, ఎందుకంటే కొత్తవాళ్లు ఇక్కడే విసుగెత్తిపోతారు. బాండ్ బాగుంటే చివర గోరుకి దొరకదు. చిన్న బీకరులో ఈథైల్ అసిటేట్ పోసి, స్ట్రిప్ చివర ఒక సెంటీమీటరు మాత్రం ముంచి కొన్ని నిమిషాలు ఉంచితే పొర విడుతుంది. తడి ఆరేదాకా ఆగి, తడిసిన భాగం దాటాకే అంకె తీసుకోవాలి. కొంతమంది పొయ్యి మీద వేడి చేసి విడదీస్తారు, అది వద్దు. కోసేటప్పుడు కత్తెర వద్దు, జంట బ్లేడ్ల కట్టర్ వాడండి. మొద్దుబారిన బ్లేడు అంచుని చీలిస్తే మధ్యలో ఫిల్మ్ చిరిగి, "బాండ్ అదిరింది, ఫిల్మే చిరిగిపోయింది" అని రాసేస్తారు.

ఇక అసలు సంగతి. అంకె కంటే ముందు ఊడిన ముఖాలు చూడండి. నా దగ్గర చేరిన ప్రతి ట్రైనీకి మొదటి నెల మెషీన్ ముట్టనివ్వలేదు. చేత్తో ఊడదీసి, ఏమైందో నోటితో చెప్పమనేవాణ్ణి.

నల్ల కాగితం మీద రెండు ముఖాలూ పక్కపక్కన పెట్టండి. ప్రింటు పెట్ వైపు వెండి రంగు వచ్చేసి, మధ్య పెట్ అద్దంలా తేటగా మిగిలిందా? అయితే జిగురు గెలిచింది, ఓడింది అల్యూమినియం పూత. ఆ పూత మైక్రాన్‌లో చిన్న భిన్నం, నూనె దీపం మసి పట్టినంత. దానికి పెట్‌తో ఉన్న పట్టు ఎంతో మీ బాండ్ అంతే, పైన ఎంత ఖరీదైన జిగురు వేసినా సరే. మాకు ఒకసారి బాండ్ 90 దగ్గర ఆగిపోయింది. జిగురు కంపెనీ మనిషిని పిలిచి తిట్టాం, కోటింగ్ 1.6 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాములు) నుంచి 2.2కి పెంచాం, రెండు వారాలు అదే పని. 90 అలాగే ఉంది. చివరికి క్యాంటీన్‌లో టీ తాగుతూ స్ట్రిప్‌ని ట్యూబ్‌లైట్‌కి ఎత్తి పట్టుకుంటే అవతల గోడ గడియారం కనిపించింది. మెటల్ మొత్తం అటు పోయింది. మెటలైజ్డ్ ఫిల్మ్ లాట్ మార్చగానే 190కి చేరింది. జిగురు కంపెనీ అతనికి టీ ఇప్పించి క్షమాపణ చెప్పాం.

రెండు ముఖాల మీదా ప్రింటు రంగు కనిపిస్తోందా? ఇంకు తనలో తానే చీలింది. ఎక్కువగా తెల్ల ఇంకు, అదీ రెండు కోట్లు వేసినచోట. అక్షరాలు ఉన్నచోట ఒక అంకె, ఖాళీ ఉన్నచోట ఇంకో అంకె వస్తే గ్రాఫ్ మెట్లుమెట్లుగా కనిపిస్తుంది, చూడగానే తెలుస్తుంది. మీరు లేబుల్ బొమ్మ ఉన్నచోట కోసి, సప్లయర్ ఖాళీ అంచు దగ్గర కోసి ఉంటే 320కి 180కి కారణం అదే కావచ్చు. స్ట్రిప్ ఎక్కడ కోశారో అడగడం మర్చిపోవద్దు.

పీఈ ముఖం శుభ్రంగా ఉండి, జిగురంతా అటువైపే ఉందా? అయితే పీఈకి కరోనా ట్రీట్‌మెంట్ (జిగురు పట్టేలా ఫిల్మ్ ముఖానికి ఇచ్చే కరెంటు డిశ్చార్జి) చాలలేదు, లేకపోతే దిగిపోయింది. డైన్ పెన్ను (ఆ ట్రీట్‌మెంట్ ఎంత ఉందో చూపే ఇంకు పెన్ను) గీస్తే 38 దగ్గర గీత చెదరకుండా నిలవాలి. జిగురు ఏ వైపు ఉందో కంటికి తెలియకపోతే ఒక చిట్కా: ఊడిన పీఈ ముఖాన్ని దాని మీదకే మడిచి హీట్ సీల్ చేయండి. శుభ్రమైన పీఈ ఇట్టే అతుక్కుంటుంది, జిగురు పట్టినది మొండికేస్తుంది.

ఊడదీస్తుంటే మధ్యలో సన్నటి దారాలు సాగుతున్నాయా, బెల్లం తీగపాకం వేలి మధ్య సాగినట్టు? రెండు ముఖాలూ జిడ్డుగా వేలికి తగులుతున్నాయా? ఇది అన్నిటికంటే మోసకారి. జిగురు గట్టిపడలేదు, కానీ అంకె బాగానే వస్తుంది, ఒక్కోసారి మంచి బాండ్ కంటే ఎక్కువ కూడా. ఆ దారాలు సాగడానికి బలం పడుతుంది కదా, మెషీన్‌కి అదే కనిపిస్తుంది. వర్షాకాలంలో మాకు ఇది తప్పేది కాదు. ఈ జిగురు రెండు భాగాలది; అందులోని ఐసోసయనేట్ భాగం రెండో భాగంతో కలవాల్సింది పోయి గాలిలో తేమతో, ఇంకులో మిగిలిన ఆల్కహాల్‌తో కలిసిపోతుంది. లేదా మిక్సింగ్ మెషీన్‌లో ఒక పంపు తక్కువ పోస్తూ ఉంటుంది. ఇలాంటిది పట్టుకోవాలంటే స్ట్రిప్ ఒక చివర విడదీసి, దానికి 100 గ్రాముల బరువు కట్టి, 60 డిగ్రీల ఓవెన్‌లో వేలాడదీయండి. గట్టిపడిన బాండ్ గంట తర్వాత కూడా కొద్దిగానే కదులుతుంది. పచ్చిది మీరు తలుపు వేసి వెనక్కి తిరిగేలోపు కింద పడి ఉంటుంది.

ఆఖరిది, పీఈ సాగిపోవడం. మీ 60 మైక్రాన్ల పీఈ 15 మిల్లీమీటర్ల వెడల్పులో అడ్డకోత 0.9 చదరపు మిల్లీమీటర్లు. ఎల్‌డీపీఈ (మెత్తటి రకం పీఈ) దాదాపు 10 మెగాపాస్కల్స్ దగ్గర సాగడం మొదలుపెడుతుంది, అంటే 9 న్యూటన్లు, రమారమి 900 గ్రాములు. ఆ పైన మీ మెషీన్ చూపించేది పీఈ బలం, బాండ్ బలం కాదు. అప్పుడు రిపోర్టులో అంకె రాయకూడదు, "విడదీయలేకపోయాం, పీఈ సాగింది" అని రాయాలి.

ఇప్పుడు మీకు అందరికంటే ఎక్కువ కావాల్సిన భాగం. మీరు పెట్టేది చిప్స్ కాదు, ఆవకాయ. పొడి లామినేట్ మీద వచ్చిన 320 గానీ 180 గానీ పచ్చడికి ఏమీ చెప్పదు.

నేను ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు ఒక పచ్చళ్ల కస్టమర్‌కి ఇచ్చిన రోల్ గురించి గొప్పగా ఫీలయ్యాను. 600 దాటింది బాండ్, ఊడదీయబోతే చేతులు నొప్పి పుట్టాయి. రెండు నెలల తర్వాత ఒక అట్టపెట్టె తిరిగొచ్చింది. తెరవగానే ల్యాబ్ అంతా ఆవఘాటు. పౌచ్‌లు ఉబ్బలేదు, కారలేదు. కానీ చేత్తో పట్టుకుంటే పీఈ సంచి లోపల విడిగా, ప్రింటు తొడుగు బయట విడిగా, దిండు గలీబులో దిండులా కదులుతోంది. మెటల్ పీఈ వైపు ఉన్న లామినేట్ అది. కొన్నిచోట్ల వెండి రంగు కరిగిపోయి ఎర్రటి నూనె బయటికి కనబడుతోంది. కోసి లాగితే 20 గ్రాములు. మామిడికాయ పులుపు, ఉప్పు, నూనె, ఆవపిండి ఘాటు అన్నీ కలిసి పీఈని దాటుకుంటూ పోయి జిగురుని నానబెట్టేశాయి. ఆవాల్లో ఘాటు తెప్పించే అల్లైల్ ఐసోథయోసయనేట్ చిన్న అణువు, నూనెలో కలిసి పీఈ లోంచి సులువుగా నడిచిపోతుంది. మేం టెస్టు చేసింది పొడి ముక్క, వాళ్లు వాడింది తడి పౌచ్. ఆ లారీ లోడు ఖర్చు మా కంపెనీయే భరించింది. నాకు మెమో వచ్చింది, అది న్యాయమే.

కాబట్టి మీరు చేయాల్సింది: ఆ రోల్‌తో చేత్తో పది చిన్న పౌచ్‌లు సీల్ చేయండి. మీ ఆవకాయనే, నూనె బాగా తేలేటట్టు నింపండి. సగం 45 డిగ్రీల ఓవెన్‌లో 15 రోజులు, సగం గదిలో పెట్టండి. మూడో రోజు, ఏడో రోజు, పదిహేనో రోజు ఒక్కోటి తెరిచి, నీళ్లతో కడిగి, తుడిచి, వెంటనే 15 మిల్లీమీటర్ల స్ట్రిప్ కోసి లాగండి. ఆరబెట్టి రేపు లాగుదాం అంటే బాండ్ కొంత కోలుకుని మిమ్మల్ని మోసం చేస్తుంది. అంత టైం లేదంటే పరిశ్రమలో ఒక అడ్డదారి ఉంది: టమాటా కెచప్, వెనిగర్, వంటనూనె సమానంగా కలిపి నింపి, అరగంట మరిగే నీళ్లలో పెట్టి చూస్తారు. అది ఒక జల్లెడ మాత్రమే. అందులో ఫెయిలైతే కచ్చితంగా వదిలేయండి, పాసైతే మాత్రం ఆవకాయకి కూడా పాసైనట్టు కాదు. కెచప్‌లో ఆవపిండి లేదు మరి.

ఎంత ఉంటే చాలు అని కూడా అడిగారు. నేను పనిచేసినచోట్ల పట్టుకున్న అంకెలు చెప్తాను, వీటిని శాసనం అనుకోవద్దు. చిప్స్, మరమరాల లాంటి పొడి తేలిక సరుకుకి 15 మిల్లీమీటర్లకి 120 దాటితే, ముఖాలు శుభ్రంగా ఉంటే వదిలేసేవాళ్లం. కారం, మసాలా పొడులకి 200. పచ్చళ్లకి పీఈ వైపు బాండ్ కొత్తప్పుడు 350 పైన, 15 రోజుల ఓవెన్ తర్వాత అందులో కనీసం 60 శాతం మిగలాలి. నాకైతే రెండో షరతే ముఖ్యం. 250తో మొదలై 230 దగ్గర నిలిచిన లామినేట్‌ని, 600తో మొదలై 20కి దిగినదాని కంటే వందసార్లు ఎక్కువ నమ్ముతాను.

ప్రింటు వైపు బాండ్ మెటల్ పట్టు వల్ల 180 దగ్గర ఆగి ఉంటే, పౌచ్ మూలల్లో మడత దగ్గర పొరలు విడిపోయి టన్నెల్ (సొరంగం) లాగా లేవకపోతే, నేనైతే దానికోసం రోల్ వెనక్కి పంపను. పీఈ వైపు బాండే 180 అయితే పచ్చడికి వాడను, అది సప్లయర్‌తో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. అప్పుడు కూడా "మీ రిపోర్టు తప్పు" అని మొదలుపెట్టకండి. ఒకే రోల్ నుంచి పక్కపక్కన పది స్ట్రిప్‌లు కోసి, ఐదు వాళ్లకి పంపి, ఐదు మీరు ఉంచుకుని, వెడల్పు, వేగం, తోక, ఏ బాండ్, ఎక్కడి సగటు అన్నీ ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టి లాగండి. వీలైతే అతన్నే మీ ల్యాబ్‌కి రమ్మనండి. మా దగ్గరికి వచ్చిన సప్లయర్లలో సగం మంది మెషీన్ పక్కన నిలబడి ఒక స్ట్రిప్ చూశాక గొంతు తగ్గించారు. మిగతా సగం మందికి మేం టీ ఇప్పించాం.

మీరు ఊడదీసిన స్ట్రిప్ ఫోటో కూడా పెట్టి ఉంటే బాగుండేది. రెండు ముఖాలూ నల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి, పైన స్కేలు ఉంచి, ఫ్లాష్ లేకుండా కిటికీ వెలుతురులో తీసి పెట్టండి. మెటల్ ఎటువైపు ఉందో, రోల్ లామినేట్ చేసిన తేదీ ఏమిటో కూడా రాయండి. చూసి చెప్తాను.